చిన్న ట్రిప్‌కి ఏ ఊళ్ళో బస పెట్టుకోవాలి: మొదటి నుంచి చివరి దాకా ఒక పద్ధతి

మూడు నాలుగు రోజుల ట్రిప్ ఎలా సాగుతుందో చాలావరకు ఒకే ఒక్క నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది: రూమ్ ఏ ఊళ్ళో తీసుకుంటున్నాం? హోటల్ అంత బాగాలేకపోతే సర్దుకుపోవచ్చు. చూడాలనుకున్న మ్యూజియం మూసి ఉంటే ఇంకో మ్యూజియంకి వెళ్ళొచ్చు. ఊరు ఎంపికే కుదరకపోతే మాత్రం పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర రోజూ రైల్లోనో బస్సులోనో పోతూనే ఉంటుంది. పది రోజుల ట్రిప్ అయితే మధ్యలో ఊరు మార్చి సరిచేసుకోవచ్చు. మూడు రోజుల్లో ఆ వీలుండదు.

అయినా చాలామంది ఈ విషయం రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. అన్నిటికంటే పేరున్న ఊరు, లేదంటే విమానం దిగే ఊరు. ఒక్కోసారి ఆ రెండూ సరైన జవాబులే అవుతాయి, కానీ లెక్క చూసుకోకుండా ఆ సంగతి తెలియదు.

నేను పాటించే పద్ధతంతా ఒక్క ఆలోచన మీద నడుస్తుంది. బస ఊరంటే మీరు పొద్దున్నే నిద్ర లేచే ఊరు, సాయంత్రం తిరిగొచ్చి తీరిగ్గా నడిచే ఊరు. మధ్యాహ్నం మీరు అక్కడ ఉండకపోవచ్చు కూడా. అందుకని జాబితాలో ఉన్న ప్రతి ఊరి గురించీ ఒకటే అడగాలి: దీన్ని తెల్లవారుజామునో రాత్రిపూటో చూడాలా, లేక పగలు వెళ్ళి చూసొస్తే సరిపోతుందా? పొద్దునా సాయంత్రమూ అందంగా ఉండే ఊళ్ళో పడుకోవాలి. పగలు చూసినా ఏమీ పోని ఊరికి వెళ్ళి రావాలి.

రోజులు కాదు, రాత్రులు లెక్కపెట్టండి

"నాలుగు రోజుల ట్రిప్" అనగానే నాలుగు రోజులూ మనవే అనిపిస్తుంది. కాగితం మీద పెట్టి చూడండి. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి విమానం దిగారనుకుందాం. ఇమిగ్రేషన్, లగేజీ, ఊళ్ళోకి ప్రయాణం, హోటల్లో చెక్ ఇన్ అన్నీ అయ్యేసరికి నాలుగు. సోమవారం పొద్దున 11 గంటలకి తిరుగు విమానం అంటే ఏడింటికే రూమ్ ఖాళీ చేసి బయల్దేరాలి. చేతిలో మిగిలింది ఒక సాయంత్రం, రెండు పూర్తి రోజులు. రోజుకి పది గంటలు హుషారుగా తిరగగలిగినా మొత్తం 24 గంటలు దాటదు.

ఈ అంకె ముందు తేలాలి, ఎందుకంటే ఇక మీదట చేసే ప్రతి లెక్కనీ దీంతోనే పోల్చాలి. రోజూ రాకపోకలకి మూడు గంటలు పోయే ఊరు ఎంచుకుంటే రెండు పూర్తి రోజుల్లో ఆరు గంటలు పోతాయి. అంటే 24లో పావు భాగం. "రోజుకి మూడు గంటలే కదా" అనుకున్నప్పుడు తెలియని బరువు ఇలా చూస్తే తెలుస్తుంది.

ఊళ్ళ పేర్లు కాదు, చూడాల్సినవి రాయండి

రెండు జాబితాలు చాలు. ఒకటి, చూడకుండా వస్తే బాధపడేవి. రెండోది, వీలైతే చూసేవి. మొదటి జాబితాలో మూడు నాలుగు కంటే ఎక్కువ పెట్టకండి.

స్పెయిన్ ట్రిప్‌కి "గ్రనాడా" అని రాస్తే సరిపోదు, "అల్‌హంబ్రా కోట" అని రాయండి. ఊరి పేరు రాసినప్పుడు దానికి ఒక టైమ్ గానీ, చోటు గానీ ఉండవు. చూడాల్సినది రాస్తే అవి వాటంతటవే బయటికొస్తాయి. అల్‌హంబ్రాలోని నస్రిద్ భవనాలకి టికెట్ మీదే ప్రవేశ సమయం ఉంటుంది, ఆ సమయానికి గుమ్మం దగ్గర ఉండాలి. పొద్దుటి స్లాట్ దొరికిందంటే ముందు రాత్రి గ్రనాడాలోనే పడుకోవాలి. సెవిల్ నుంచి రైల్లో రెండున్నర గంటల పైనే పడుతుంది కాబట్టి అక్కడ బస పెట్టుకుని పొద్దుటి స్లాట్ అందుకోవడం కుదరదు. కోర్దోబాలోని మెస్కితా (ఒకప్పటి మసీదు, ఇప్పుడు చర్చి) అలా కాదు. సెవిల్ నుంచి హైస్పీడ్ రైల్లో ముప్పావు గంటే, తీరిగ్గా వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. స్పెయిన్‌లో ఒకే ప్రాంతంలో ఉన్న ఈ రెండు ఊళ్ళూ మీ బస మీద చూపే ప్రభావం పూర్తిగా వేరు. ఊళ్ళ పేర్లు మాత్రమే రాసుకుంటే ఆ తేడా కనిపించదు.

ప్రతిదాని పక్కనా ఏ పూట చూడాలో రాయండి

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అడుగు ఇదే. చాలామంది వదిలేసేదీ ఇదే.

జపాన్‌లో క్యోటో, ఒసాకా, నారా ఉన్న ప్రాంతాన్నే తీసుకోండి. క్యోటో నుంచి ఒసాకాకి మామూలు వేగపు రైల్లో అరగంట. రెంటిలో ఎక్కడున్నా రెండోదానికి రోజూ వెళ్ళి రావచ్చు, కాబట్టి దూరం చూసి తేల్చలేం. పూట చూస్తే తేలిపోతుంది. క్యోటోలో ఎర్ర తోరణాల వరుసతో ఉండే ఫుషిమి ఇనారి ఆలయానికి మూసే వేళ లేదు, ఎప్పుడైనా ఎక్కొచ్చు. కియోమిజు ఆలయం పొద్దున 6 గంటలకే తెరుస్తారు. పది గంటలు దాటాక ఈ రెండు చోట్లా జనం కిక్కిరిసి ఉంటారు. ఆరున్నరకి వెళ్ళినవాళ్ళు చూసేదీ పదకొండింటికి వెళ్ళినవాళ్ళు చూసేదీ ఒకటే చోటు అంటే నమ్మడం కష్టం. ఇక సాయంత్రం నాలుగు, అయిదు దాటితే క్యోటో ఆలయాల్లో చాలావరకు మూసేస్తారు. సరిగ్గా అప్పుడే ఒసాకాలో దోతోంబోరి కాలువ పక్క వీధులు దీపాలతో వెలుగుతాయి, ఆ ఊరు అర్ధరాత్రి దాకా మేలుకునే ఉంటుంది.

అంటే పొద్దున్నే లేచే అలవాటున్నవాళ్ళు, గుళ్ళూ తోటలూ ప్రశాంతంగా చూడాలనుకునేవాళ్ళు క్యోటోలో పడుకోవాలి. తొమ్మిదింటికి గానీ కదలనివాళ్ళు, రాత్రిపూట ఊరు తిరగడం ఇష్టమున్నవాళ్ళు ఒసాకాలో పడుకుంటే మేలు. ఈ తేడా మనుషుల అలవాట్లలో ఉంది, ఊళ్ళ గొప్పదనంలో లేదు. నారా రెండింటి నుంచీ ముప్పావు గంటే. అక్కడి జింకల పార్కు, తోదైజీ ఆలయం పగలు చూసినా బాగానే ఉంటాయి కాబట్టి చిన్న ట్రిప్‌లో అక్కడ రాత్రి గడపాల్సిన అవసరం నాకు కనిపించదు.

వెనిస్ సంగతి చూడండి. పక్కనే నేల మీద ఉన్న మెస్త్రే నుంచి రైల్లో పదీ పన్నెండు నిమిషాలే. రూమ్ ధర కూడా తక్కువ. కాగితం మీద మెస్త్రేనే గెలుస్తుంది. కానీ వెనిస్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది పగలు వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళే. ఆ రద్దీ ఎంత పెరిగిందంటే, 2024 నుంచి ఎంపిక చేసిన కొన్ని రోజుల్లో పగటి సందర్శకుల దగ్గర అక్కడి నగర పాలక సంస్థ ప్రవేశ రుసుము తీసుకుంటోంది. వాళ్ళంతా వెళ్ళిపోయాక రాత్రి ఎనిమిది తర్వాతా, మళ్ళీ పొద్దున ఎనిమిది లోపూ సందుల్లో మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. మోటారు వాహనాలు లేని ఊరు ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. వెనిస్ కోసమే వెళ్తుంటే, ఒక్క రాత్రికైనా సరే, కాస్త ఎక్కువ పెట్టి ద్వీపం మీదే పడుకోమంటాను. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగే ఉద్దేశం ఉంటే మెస్త్రే మంచి స్టేషన్, అందులో తప్పు లేదు.

శ్రీలంకలో సిగిరియా కొండ కూడా ఇలాంటిదే. దాదాపు 1,200 మెట్లు, పైన నీడ ఉండదు. ఎండ ముదరకముందే ఎక్కాలి. కాండీలో బస పెట్టుకుంటే కొండదారి దిగి రావడానికి రెండున్నర గంటల పైమాటే, మీరు చేరేసరికి ఎండ నెత్తి మీదకొస్తుంది. దంబుల్లాలో ఉంటే సిగిరియా 20 కిలోమీటర్ల లోపే. పాత రాజధానులైన పొలొన్నరువా, అనురాధపుర కూడా అక్కడి నుంచి 70 కిలోమీటర్ల లోపు పడతాయి. కాండీ అందమైన ఊరే, కానీ అది వేరే రాత్రి సంగతి.

మ్యూజియాలు, పెద్ద షాపింగ్ వీధులు, లోపలికి వెళ్ళి చూసే రాజభవనాల పక్కన "ఏ పూటైనా" అని రాసేయండి. అవి మీ బస ఊరిని నిర్ణయించకూడదు.

ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి ఎంతసేపు?

ఇప్పుడు రెండు మూడు ఊళ్ళు పోటీలో మిగిలి ఉంటాయి. ఒక్కోదాని నుంచి మీ జాబితాలోని చోట్లకి ఎంత సమయమో కొలవాలి. కిలోమీటర్లు పక్కన పెట్టండి. రైలు టైమ్ టేబుల్‌లో ఉన్న సమయం కూడా సగం నిజమే. హోటల్ నుంచి స్టేషన్‌కి నడక, ప్లాట్‌ఫామ్ మీద పది నిమిషాల ముందు చేరడం, ప్రయాణం, రైలు మారాల్సి వస్తే మధ్యలో ఎదురుచూపు, దిగిన స్టేషన్ నుంచి అసలు చోటుకి దూరం, ఇవన్నీ కలపాలి. "40 నిమిషాల రైలు" అన్నది సాధారణంగా గంటా ఇరవై నిమిషాలవుతుంది.

స్టేషన్ ఊళ్ళోనే ఉందో లేదో తప్పకుండా మ్యాప్‌లో చూడండి. ఇటలీలో సియెనా ఊరు కొండ మీద ఉంటుంది, స్టేషన్ కింద ఉంటుంది. ఫ్లోరెన్స్ నుంచి సియెనాకి బస్సులో వెళ్తే పాత ఊరి అంచు దాకా తీసుకెళ్తుంది, అందుకే అక్కడ రైలు కంటే బస్సే నయం. ఇలాంటి సంగతి టైమ్ టేబుల్‌లో కనిపించదు.

మ్యాప్ యాప్‌లో వెతికేటప్పుడు "ఇప్పుడు బయల్దేరితే" అన్నట్టు వదిలేయకుండా, మీరు వెళ్ళే వారం, వెళ్ళే గంట పెట్టి చూడండి. ఆదివారాల్లో, సెలవు రోజుల్లో బస్సులు బాగా తగ్గిపోయే ప్రాంతాలు చాలా ఉన్నాయి. మంగళవారం మధ్యాహ్నం అరగంటకొకటి ఉన్న బస్సు ఆదివారం మూడు గంటలకొకటి కావచ్చు. తిరుగు ప్రయాణానికి చివరి రైలు ఎన్నింటికో కూడా అక్కడే చూసి రాసుకోండి. ఆఖరి బస్సు ఆరింటికే ఉంటే సూర్యాస్తమయం చూడాలన్న ఆశ వదులుకోవాల్సిందే, లేదా అక్కడే పడుకోవాలి.

గుమ్మం నుంచి గుమ్మానికి వెళ్ళడానికి గంటన్నర లోపు ఉంటే రోజులో వెళ్ళి రావడం హాయిగా ఉంటుంది. గంటన్నర నుంచి రెండు గంటలైతే ఆ చోటు మీ మొదటి జాబితాలో ఉంటేనే వెళ్ళండి. రెండు గంటలు దాటితే అక్కడ రాత్రి ఉండాలి, లేదా ఈసారికి వదిలేయాలి. ఇది నా కొలత. ఓపిక ఎక్కువున్నవాళ్ళు ఇంకాస్త సాగదీసుకోవచ్చు, కానీ వరసగా రెండు రోజులు మాత్రం అలా వద్దు.

పగటి వెలుతురు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఐస్‌లాండ్‌లో రేక్యవిక్ నుంచి యోకుల్సార్లోన్ మంచు సరస్సుకి దాదాపు 370 కిలోమీటర్లు, కారులో ఒకవైపే నాలుగున్నర గంటల పైన. జూన్‌లో రాత్రి కూడా వెలుగుంటుంది కాబట్టి పట్టుదల ఉంటే వెళ్ళి రావచ్చు. డిసెంబర్‌లో అక్కడ వెలుతురు నాలుగైదు గంటలే, అదంతా రోడ్డు మీదే అయిపోతుంది. జూన్‌లో కుదిరిన బస ఊరు డిసెంబర్‌లో అస్సలు కుదరదు.

నక్షత్రమా, గీతా?

చూడాల్సిన చోట్లని మ్యాప్‌లో గుర్తుపెట్టి కాస్త వెనక్కి జరిగి చూడండి. మధ్యలో ఒక ఊరు, చుట్టూ మిగతావి ఉంటే అది నక్షత్రం. ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఉంటే అది గీత.

నక్షత్రానికి ఒకే బస చాలు. ఇటలీలో బొలోన్యా దీనికి చక్కటి ఉదాహరణ. మోదెనా, ఫెర్రారా అరగంట లోపు, పార్మా గంట లోపు, రవెన్నా గంటకి కాస్త పైన, ఫ్లోరెన్స్ హైస్పీడ్ రైల్లో నలభై నిమిషాల లోపు. పేరుకి ఫ్లోరెన్స్ అంత ప్రసిద్ధి లేదు గానీ, పొడవాటి వసారాలతో నిండిన పాత ఊరు సాయంత్రాలు నడవడానికి ఎంతో బాగుంటుంది. పట్టాలన్నీ కలిసే ఊళ్ళు చాలా చోట్ల ఇలాగే ఉంటాయి. నెదర్లాండ్స్‌లో ఊట్రెక్ట్ అలాంటిదే, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి అరగంట కూడా పట్టదు.

గీతకి మాత్రం ఒకే బస పెట్టుకుంటే రోజూ అదే దారిలో వెనక్కి రావాల్సి వస్తుంది. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. అవన్నీ చూడాలంటే రోమ్‌లో దిగి వెనిస్‌లో విమానం ఎక్కే టికెట్ తీసుకోవాలి. బుకింగ్ సైట్లలో "మల్టీ సిటీ" అని ఉండేది ఇదే. రెండు వన్ వే టికెట్లు విడివిడిగా కొనడం కంటే చాలాసార్లు ఇదే చవక, తిరిగి మొదటి ఊరికి రావాల్సిన పనీ ఉండదు.

హోటల్ మారడానికయ్యే ఖర్చు కూడా నిజాయితీగా లెక్కేయండి. సామాను సర్దడం, ఖాళీ చేయడం, ప్రయాణం, కొత్త ఊళ్ళో లగేజీ ఎక్కడో పెట్టడం, రెండు మూడింటి దాకా రూమ్ ఇవ్వకపోవడం, అన్నీ కలిపి సగం రోజు. రెండు రాత్రుల ట్రిప్‌లో హోటల్ మారకండి. మూడు రాత్రుల్లో కూడా చాలా గట్టి కారణం ఉంటేనే. నాలుగు రాత్రులైతే రెండూ రెండూ పంచుకోవచ్చు.

ఒక లెక్క పూర్తిగా చేసి చూద్దాం

బెల్జియం. జాబితాలో బ్రస్సెల్స్, గెంట్, బ్రూజ్, ఆంట్‌వెర్ప్. నాలుగు రాత్రులు. దేశం చిన్నది, రైళ్ళు ఎక్కువ, అందుకే నాలుగూ పోటీ పడతాయి.

రైల్లో ఒకవైపు సమయాలు సుమారుగా ఇవి: బ్రూజ్ నుంచి గెంట్ 25 నిమిషాలు, గెంట్ నుంచి బ్రస్సెల్స్ 35, బ్రూజ్ నుంచి బ్రస్సెల్స్ 60, బ్రస్సెల్స్ నుంచి ఆంట్‌వెర్ప్ 45, గెంట్ నుంచి ఆంట్‌వెర్ప్ 60, బ్రూజ్ నుంచి ఆంట్‌వెర్ప్ 90.

ఒక్కో ఊళ్ళో బస పెట్టుకుని మిగతా మూడింటికీ ఒక్కోసారి వెళ్ళొస్తే, రానూ పోనూ కలిపి రైల్లో గడిపేది: గెంట్ నుంచి 240 నిమిషాలు, బ్రస్సెల్స్ నుంచి 280, బ్రూజ్ నుంచి 350, ఆంట్‌వెర్ప్ నుంచి 390. గెంట్ గెలిచినట్టుంది.

ఇప్పుడు గుమ్మం లెక్క కలపండి. గెంట్‌లో రైళ్ళు ఆగే సింట్ పీటర్స్ స్టేషన్ పాత ఊరికి రెండు కిలోమీటర్ల దూరం. ట్రామ్ ఎక్కాలి, ఒక్కోసారికి పావుగంట వేసుకుంటే మూడు రోజుల్లో ఆరు సార్లకి 90 నిమిషాలు. బ్రస్సెల్స్ సెంట్రల్ స్టేషన్ నుంచి గ్రాన్ ప్లాస్ అనే పెద్ద కూడలికి నడిచే పోవచ్చు, ఆ చుట్టుపక్కల రూమ్ తీసుకుంటే ఆరు సార్లకి 40 నిమిషాలు చాలు. మొత్తం గెంట్‌కి 330, బ్రస్సెల్స్‌కి 320. తేడా పది నిమిషాలే, అంటే సమానమే.

సమయం తేల్చనప్పుడు మళ్ళీ పూట దగ్గరికి రండి. గెంట్‌లో గ్రాస్లే, కోరెన్లే అనే రెండు రేవు వీధులు నదికి అటూ ఇటూ ఎదురెదురుగా ఉంటాయి. చీకటి పడ్డాక ఆ పాత భవనాల దీపాలు నీళ్ళలో పడతాయి. బ్రస్సెల్స్ రాత్రులు పెద్ద నగరపు రాత్రులు, గ్రాన్ ప్లాస్ చుట్టూ సందడిగా ఉంటుంది. నడవడానికి ప్రశాంతత కావాలంటే గెంట్, సందడి కావాలంటే బ్రస్సెల్స్. నేనైతే గెంట్ అంటాను. వారాంతం రేట్లు కూడా ఒకసారి చూడండి. ఆఫీసు పనుల మీద జనం వచ్చే నగరాల్లో శని, ఆదివారాలు హోటళ్ళు తరచుగా చవకవుతాయి, విహారానికి వచ్చే ఊళ్ళలో అప్పుడే పెరుగుతాయి. బ్రస్సెల్స్ మొదటి రకం, బ్రూజ్ రెండో రకం.

ఇదే ట్రిప్ రెండు రాత్రులకి కుదించి ఆంట్‌వెర్ప్ వదిలేశారనుకోండి. ఒకవైపు మొత్తాలు గెంట్‌కి 60, బ్రూజ్‌కి 85, బ్రస్సెల్స్‌కి 95. ఒక్క ఊరు తీసేయగానే బ్రూజ్ బ్రస్సెల్స్‌ని దాటేసింది. వెనిస్‌లాగే బ్రూజ్‌లో కూడా పగటి జనం వెళ్ళిపోయాక కాలవల పక్క నడక వేరే స్థాయిలో ఉంటుంది. మీ జాబితాలో మొదటి పేరు బ్రూజే అయితే ఇక్కడ బ్రూజ్‌లో పడుకోవడం పూర్తిగా సమర్థించుకోదగ్గ నిర్ణయం. ఒక ప్రాంతానికి శాశ్వతంగా "మంచి బస ఊరు" అంటూ ఉండదు. జాబితా మారిన ప్రతిసారీ లెక్క మళ్ళీ వేయాలి.

ఎయిర్‌పోర్ట్ పేరు చూసి నమ్మకండి

విమానాశ్రయానికి ఊరి పేరు ఉన్నంత మాత్రాన అది ఆ ఊళ్ళో ఉన్నట్టు కాదు. పారిస్ పేరుతో అమ్మే బోవే విమానాశ్రయం పారిస్‌కి 85 కిలోమీటర్ల దూరం. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అయితే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి 120. టోక్యోకి హనెదా దగ్గర, నరిత 60 కిలోమీటర్లు. చవక టికెట్‌కి ఆ దూరం, అర్ధరాత్రి టాక్సీ కూడా కలిపి చూసుకోండి.

రాత్రి పదకొండింటికి దిగే విమానమైతే ఆ రాత్రికి దగ్గర్లోనే పడుకుని పొద్దున బస ఊరికి వెళ్ళడం ఒంటికి మంచిది. పొద్దున్నే ఎక్కాల్సిన విమానానికి ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అక్కడ ఆలస్యమైతే విమానమే పోతుంది. మొదటి రైలు ఎన్నింటికి, అది విమానం సమయానికి అందుతుందా అన్నది రూమ్ బుక్ చేసేముందే చూడాలి. అందకపోతే చివరి రాత్రి ఎయిర్‌పోర్ట్ ఉన్న ఊరికి మారాలి. హోటల్ మారకండి అన్న సూత్రాన్ని పక్కన పెట్టడానికి ఇది న్యాయమైన కారణం.

క్యాలెండర్ ఒకసారి

వారపు సెలవులు చూడండి. తాజ్ మహల్ శుక్రవారం మూస్తారు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం, పారిస్ శివార్లలోని వెర్సాయ్ రాజభవనం సోమవారం. వాటికన్ మ్యూజియాలు నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటాయి. రెండు రోజుల ట్రిప్‌లో ఇలాంటి ఒక్క రోజు తగిలితే బస ఊరే మారిపోవచ్చు.

కొన్ని దారులు కొన్ని నెలల్లో ఉండవు. ఇటలీ అమాల్ఫీ తీరంలో వేసవిలో సలెర్నో నుంచి పడవల మీద అమాల్ఫీ, పొసిటానోలకి హాయిగా వెళ్ళొచ్చు. సలెర్నోకి హైస్పీడ్ రైలు కూడా ఉంది కాబట్టి అది బ్రహ్మాండమైన బస. చలికాలంలో ఆ పడవలు ఆగిపోతాయి, మలుపుల రోడ్డు మీద బస్సే దిక్కు. అప్పుడు నేపుల్స్‌లో ఉండి పోంపే, మ్యూజియాలు చూడటం మేలు.

పెద్ద ఎగ్జిబిషన్లు, కచేరీలు, క్రీడల పోటీలు ఉన్న రోజుల్లో రూములు దొరకవు, దొరికినా రేటు రెండింతలు మూడింతలుంటుంది. ఒక ఊళ్ళో రేట్లు ఉన్నట్టుండి ఎక్కువ కనిపిస్తే ఆ తేదీలకి అక్కడ ఏం జరుగుతోందో వెతకండి. అరగంట దూరంలోని పక్క ఊళ్ళో మామూలు ధరే ఉండొచ్చు.

కొండ ప్రాంతాలకి ఇంకో మాట. స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్‌యోహ్ అనే మంచు కనుమ 3,454 మీటర్ల ఎత్తున ఉంది. మబ్బు పట్టిందంటే అంత దూరం ఎక్కీ తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. అలాంటి చోట ఇంటర్‌లాకెన్‌లోనో, ఇంకా దగ్గరగా గ్రిండెల్‌వాల్డ్‌లోనో ఉంటే పొద్దున లైవ్ కెమెరాలో శిఖరం చూసి, కనిపిస్తేనే బయల్దేరొచ్చు. దూరపు నగరంలో ఉంటే ముందు రోజే టికెట్ కొని అదృష్టాన్ని నమ్ముకోవాలి. అయితే మూడు రోజులూ వాన పడితే ఏం చేస్తారో కూడా ముందే ఆలోచించుకోండి. గంట లోపు బెర్న్ ఉండటం ఇంటర్‌లాకెన్‌కి ఉన్న పెద్ద సౌకర్యం.

వెంట ఎవరున్నారు?

చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు వెంట ఉంటే లెక్క మారుతుంది. వాళ్ళకి మధ్యాహ్నం రెండు గంటలు రూమ్‌కి తిరిగొచ్చి నడుం వాల్చే వీలుండాలి. రోజూ డే ట్రిప్‌లు చేసే ప్లాన్‌లో ఆ వీలే ఉండదు. అందుకని వాళ్ళతో వెళ్ళేటప్పుడు నక్షత్రం మధ్యలో ఉన్న జంక్షన్ ఊరి కంటే, చూడాల్సినవి ఎక్కువ భాగం తనలోనే ఉన్న ఊరు ఎంచుకోండి. ఒకటో రెండో వదులుకోవాల్సి వచ్చినా ఫర్వాలేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కొండ మీది ఊరు, రాళ్ళు పరిచిన సందులు రోజూ పరీక్షే. ఎత్తుపల్లాలు వీధి ఫొటోల్లో చూసి నిర్ధారించుకోండి.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, రాత్రి తొమ్మిది తర్వాత స్టేషన్ నుంచి హోటల్ దాకా దారి ఎలా ఉంటుందన్నది రూమ్ ఎలా ఉంటుందన్నదాని కంటే ముందు చూడాల్సిన విషయం. దీని కోసం ధరలో రాజీ పడాల్సి వస్తే పడండి.

ఊరు తేలింది, ఊళ్ళో ఎక్కడ?

రోజూ బయటికి వెళ్ళొచ్చే ట్రిప్ అయితే స్టేషన్‌కి పది నిమిషాల నడక లోపు. ఊళ్ళోనే తిరిగే ట్రిప్ అయితే పాత ఊరి మధ్యలో. రెండూ కలిసిన చోటు దొరికితే కాస్త ఎక్కువైనా తీసుకోండి. ఊరి బయట చవకగా దొరికే రూమ్‌ని పోల్చేటప్పుడు మీరెంతమంది ఉన్నారో, రోజుకి ఎన్ని టికెట్లవుతాయో గుణించి రూమ్ ధరకి కలపండి. నలుగురున్న కుటుంబానికి ఆ పొదుపు చాలాసార్లు అక్కడికక్కడే కరిగిపోతుంది.

బుకింగ్ వరస

సమయం రాసి ఉండే టికెట్లు ముందు. అల్‌హంబ్రా లాంటివి దొరికిన రోజుని బట్టే మిగతాదంతా కదులుతుంది. తర్వాత విమానం, మల్టీ సిటీ కూడా కొట్టి చూసి. ఆ తర్వాత రూమ్, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. పోటీలో రెండు ఊళ్ళు మిగిలితే తేలేదాకా రెండు చోట్లా పట్టుకుని ఉంచొచ్చు, కానీ రద్దు గడువు తేదీలు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ముందుగా కొంటే బాగా తగ్గే దూరపు రైలు టికెట్లు ఊరు ఖాయమయ్యాక వెంటనే కొనేయండి. దగ్గర ఊళ్ళ మధ్య తిరిగే మామూలు రైళ్ళకి ధర సాధారణంగా మారదు కాబట్టి వాటిని ఆ రోజు వాతావరణం చూసుకుని అప్పటికప్పుడు కొనుక్కోవచ్చు.

బయల్దేరే ముందు వారం ఒక్కసారి మళ్ళీ టైమ్ టేబుల్ చూడండి. పట్టాల మరమ్మతుల కోసం వారాంతాల్లో రైళ్ళు ఆపి బస్సులు నడపడం చాలా దేశాల్లో మామూలే. అలాంటిది మీ దారిలో పడితే ఆ ఊరి ప్రయాణాన్ని ఇంకో రోజుకి మార్చుకుని, ఆ రోజంతా బస ఊళ్ళోనే తిరగండి.